స్లైడు మీద గుడ్లు కనబడుతున్నాయి, పీసీఆర్‌లో రావట్లేదు: పిల్లల మలంలో పురుగు జాతి తేల్చేదెలా?

మలపరీక్షగది

నమస్కారం అండీ. బడి ఈడు పిల్లల మలం నమూనాల్లో ఏ పురుగు ఏ జాతిదో డీఎన్‌ఏతో తేల్చే పనిలో ఉన్నాం. నమూనా అందిన రోజే ఒక్కోదానికి రెండేసి కాటో-కాట్జ్ స్లైడ్లు (కొలిచిన మలంలో గుడ్లు లెక్కపెట్టేవి) చూశాం. మిగిలిన దాంట్లోంచి కొంత తీసి 95 శాతం ఇథనాల్ పోసిన ట్యూబులో వేసి బయటే ఉంచాం. రెండు నెలల తర్వాత మామూలు కాలమ్ కిట్‌తో డీఎన్‌ఏ తీశాం. కిట్ కాగితంలో ఉన్నట్టే చేశాం: లైసిస్ బఫర్ (కణాల్ని పగలగొట్టే ద్రవం), ప్రొటీనేజ్ కె, 56 డిగ్రీల దగ్గర గంట. ఆ పైన ప్రోబ్‌తో (వెతికే డీఎన్‌ఏకి అతుక్కుని మెరిసే ముక్క) రియల్ టైమ్ పీసీఆర్, అంటే ఆ డీఎన్‌ఏని రెట్టింపులు చేస్తూ ఎప్పుడు కనబడుతుందో చూసే పరీక్ష. ఏలికపాము, కొరడాపురుగు, నెకేటర్, ఆంకిలోస్టోమా (ఈ రెండూ కొంకిపురుగులు), స్ట్రాంగిలాయిడిస్, ఈ ఐదింటికీ చూశాం.

చిక్కులు ఇవీ. కొరడాపురుగు గుడ్లు స్లైడు మీద నిక్షేపంగా కనబడ్డ నమూనాల్లో సగానికి పైగా పీసీఆర్ నెగెటివ్. కొంకిపురుగు దీనికి పూర్తిగా తిరగబడి ఉంది: స్లైడులో ఏమీ లేదని రాసుకున్న నమూనాలు పీసీఆర్‌లో పాజిటివ్ వస్తున్నాయి. కంటామినేషనేమోనని భయంగా ఉంది. ఏలికపాములో గ్రాముకు 20,000 గుడ్లు లెక్కకొచ్చిన నమూనాకి సీటీ (డీఎన్‌ఏ కనబడటానికి పట్టిన పీసీఆర్ చక్రాల సంఖ్య, డీఎన్‌ఏ ఎక్కువుంటే ఇది తక్కువ రావాలి) 31, 2,000 ఉన్నదానికి 25. ఇక ఆంకిలోస్టోమా పాజిటివ్ అని వచ్చినవి మనుషుల్లో ఉండే డ్యూవొడినేలా, కుక్కలూ పిల్లుల నుంచి వచ్చే సైలానికమా అన్నది మా ప్రోబ్ చెప్పలేదు.

పరీక్ష సరిగా జరిగిందో చూడటానికి వేసే ఇంటర్నల్ కంట్రోల్ డీఎన్‌ఏని పీసీఆర్ మిక్స్‌లోనే కలిపాం, అన్నిట్లోనూ వచ్చింది. కాబట్టి పీసీఆర్ పనిచేస్తున్నట్టే కదా? ఎక్కడ తప్పుతున్నామో చెప్పగలరు.

బీడ్‌బీటర్

పీసీఆర్ పనిచేస్తోంది, నిజమే. గుడ్డు పగలలేదు, అసలు సంగతి అది. మీ ఇంటర్నల్ కంట్రోల్ విడిగా ఉన్న డీఎన్‌ఏ. దానికి పెంకు లేదు. అది బాగా వచ్చిందంటే ఆ మిక్స్‌లో పీసీఆర్‌ను అడ్డుకునేది పెద్దగా ఏమీ లేదని మాత్రమే అర్థం. గుడ్డులోని డీఎన్‌ఏ బయటికి వచ్చిందో లేదో అది చెప్పదు.

కొంకిపురుగు గుడ్డు పెంకు పల్చన, లైసిస్ బఫర్‌కే లొంగుతుంది. కొరడాపురుగు గుడ్డు పీపాలా ఉండి, మందమైన కైటిన్ (పెంకులోని గట్టి పదార్థం) గోడతో, రెండు చివరలా బిరడాలతో ఉంటుంది. ఏలికపాము గుడ్డుకైతే బయట ప్రొటీన్ పొర, దాని కింద కైటిన్, అన్నిటికంటే లోపల కొవ్వు పొర. ఆ కొవ్వు పొర వల్లే రసాయనాలు లోపలికి దిగవు. ప్రొటీనేజ్ కె ప్రొటీన్‌ని తింటుంది, కైటిన్ జోలికి పోదు. అందుకే మీ ఐదింటిలో కొరడాపురుగు ముందు దెబ్బతింది, ఏలికపాము సీటీలు అడ్డదిడ్డంగా వచ్చాయి.

నేను చెప్పే వరస ఇది. ఇథనాల్ ట్యూబును తిరగేసి బాగా కలపండి. గుడ్లు అడుగున ఉంటాయి, పైతేటలోంచి పిపెట్ చేస్తే పురుగు లేని నమూనా అయిపోతుంది. కలిపిన వెంటనే, కొన కత్తిరించిన టిప్‌తో, సుమారు 200 మిల్లీగ్రాముల మలానికి సరిపడా తీసుకోండి. సెంట్రిఫ్యూజ్ చేసి ఇథనాల్ పారబోసి, 1 మిల్లీలీటరు పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం) రెండు మూడుసార్లు కడగండి. ఏలికపాము గుడ్లు ప్లాస్టిక్‌కి అంటుకుంటాయి కాబట్టి కడిగే పీబీఎస్‌లో 0.05 శాతం ట్వీన్-20 (సబ్బులాంటి పదార్థం) ఉంటే నష్టం తగ్గుతుంది. చివరిసారి కడిగాక సన్న టిప్‌తో మిగిలిన చుక్క కూడా లాగేయండి. ఇథనాల్ మిగిలితే తర్వాతి దశల్నీ, పీసీఆర్‌నూ పాడుచేయొచ్చు.

అడుగున దిగిన ముద్దని 2 శాతం పీవీపీపీ (పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాల్ని పట్టుకునే పొడి) కలిపిన 250 మైక్రోలీటర్ల పీబీఎస్‌లో కలపండి. పీవీపీపీ నీళ్లలో కరగదు, తెల్లటి పొడిలా అడుగుకి చేరుతుంది. సీసాని ప్రతి నమూనాకీ ముందు ఊపి తీసుకోకపోతే మొదటి ట్యూబులకి ఎక్కువా చివరి వాటికి ఏమీ లేకుండానూ పోతుంది. దాన్ని ఒక రాత్రి మైనస్ 20లో ఉంచి, మర్నాడు గార్నెట్ పూసలున్న ట్యూబులోకి మార్చి బీడ్ బీటర్‌లో (పూసలతో వేగంగా ఊపి గుడ్లు పగలగొట్టే యంత్రం) వేయండి. సెకనుకు 6 మీటర్ల వేగం ఉన్న యంత్రమైతే 40 సెకన్ల చొప్పున రెండుసార్లు, మధ్యలో రెండు నిమిషాలు ఐసు మీద. యంత్రం లేకపోతే వోర్టెక్స్‌కి ట్యూబుల అడాప్టర్ తగిలించి పూర్తి వేగంతో 10 నిమిషాలు. తర్వాత 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, చల్లారాక ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్), ప్రొటీనేజ్ కె వేసి 55 డిగ్రీల దగ్గర 2 గంటలు, అక్కణ్ణుంచి మీ కాలమ్ కిట్.

ఎస్‌డీఎస్ ఉన్న లైసిస్ బఫర్‌ని పూసలు తిప్పడానికి ముందే పోస్తే నురగ కడుతుంది. నురగ మధ్య పూసలు మెత్తగా తేలతాయి, గుడ్డుకి దెబ్బ తగలదు. బీడ్ బీటింగ్ చేశాం, అయినా తేడా రాలేదు అనేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. పూసలు తిప్పేటప్పుడు పీబీఎస్ మాత్రమే ఉండాలి. తిప్పాక ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడండి: కొరడాపురుగు గుడ్లు ఇంకా గుండ్రంగా, బిరడాలతో సహా కనబడితే ఇంకోసారి తిప్పాలి. పగిలిన గుడ్డు పెంకు చీలిన చిప్పలాగా ఖాళీగా ఉంటుంది. రెండు నిమిషాల పని, కిట్టు దండగ కాకుండా కాపాడుతుంది.

ఇంటర్నల్ కంట్రోల్‌ని పీసీఆర్‌లో కాకుండా లైసిస్ బఫర్‌లోనే వేయండి. చాలా ల్యాబులు సీళ్లకి సోకే ఫోసైన్ హెర్పిస్ వైరస్‌ని ఇందుకు వాడతాయి, మనుషుల మలంలో అది ఉండదు కాబట్టి. అప్పుడు కాలమ్‌లో పోయిన డీఎన్‌ఏ కూడా లెక్కలోకి వస్తుంది. అయినా పెంకు సంగతి అదీ చెప్పదని మర్చిపోవద్దు. దానికి వేరే పరీక్ష పెట్టుకోవాలి: ఉప్పు ద్రావణంలో తేల్చి తీసిన కొరడాపురుగు గుడ్లని లెక్కపెట్టి, పురుగులు లేవని తేలిన మలంలో 10, 50, 200 చొప్పున కలిపి, పూసలతో ఒకసారీ లేకుండా ఒకసారీ డీఎన్‌ఏ తీయండి. మీ పద్ధతి ఎన్ని గుడ్ల దాకా పట్టగలదో అక్కడ తెలుస్తుంది.

పాతసూక్ష్మదర్శిని

కొంకిపురుగు సంగతికి నేను జవాబిస్తాను. కంటామినేషన్ అనుకునే ముందు మీ రిజిస్టరు తీసి, స్లైడు తయారైన సమయమూ చూసిన సమయమూ పక్కపక్కన పెట్టండి. కాటో-కాట్జ్‌లో గ్లిజరిన్ మలాన్ని పారదర్శకం చేస్తుంది. ఏలికపాము, కొరడాపురుగు గుడ్లు ఆ తర్వాత కూడా నిలుస్తాయి. కొంకిపురుగు గుడ్డుది పల్చని పెంకు, అది కూడా పారదర్శకమైపోయి కంటికి ఆనదు. 30 నుంచి 60 నిమిషాల్లోపు చూడాలి. ఉదయం ముప్పై స్లైడ్లు వేసి భోజనం తర్వాత చూస్తే కొంకిపురుగు లేనట్టే అనిపిస్తుంది. మీ పీసీఆర్ నిజమే చెప్తుండొచ్చు.

ఇంకో లెక్క కూడా ఉంది. కాటో-కాట్జ్ పలకలో పట్టేది 41.7 మిల్లీగ్రాములు. కనబడ్డ ప్రతి గుడ్డునీ 24తో గుణిస్తాం. అంటే ఒక్క గుడ్డు దొరికితే గ్రాముకు 24, దొరక్కపోతే సున్నా. గ్రాముకు 24 కంటే తక్కువ గుడ్లు పెట్టే పిల్లవాడిలో రెండు స్లైడ్లూ ఖాళీగా రావడం వింత కాదు. తేలికపాటి ఇన్ఫెక్షన్లలో పీసీఆర్ ఎక్కువ పట్టడం ఎదురుచూడాల్సిందే.

అయినా అనుమానం తీరాలి. ప్రతి ప్లేటులో నీళ్ల కంట్రోల్ ఒకటి, డీఎన్‌ఏ తీసే ప్రతి విడతలో మలం లేకుండా బఫర్‌తోనే మొదలుపెట్టిన ఖాళీ ట్యూబు ఒకటి ఉండాలి. నీళ్ల కంట్రోల్ ఒక్కటే సరిపోదు. పూసల ట్యూబు మూత తీసినప్పుడు ఎగిరే తుంపరలు డీఎన్‌ఏ తీసే దశలోనే పక్క ట్యూబులోకి వెళ్తాయి, అది నీళ్ల కంట్రోల్‌లో కనబడదు. మూత తీసేముందు కాసేపు సెంట్రిఫ్యూజ్ చేసి తుంపరల్ని కిందికి దించండి. ప్లేటులో బలమైన పాజిటివ్ పక్క గడుల్లోనే బలహీన పాజిటివ్‌లు వరసగా వస్తుంటే మళ్లీ మొదటి నుంచి తీయాలి, పీసీఆర్ మాత్రమే తిరిగి పెడితే లాభం లేదు.

సీటీని గుడ్ల లెక్కగా మార్చొద్దని నా గట్టి మాట. కొంకిపురుగు గుడ్డు మలంలో బయటపడేటప్పుడు లోపల 4 నుంచి 8 కణాలుంటాయి. వెచ్చగా ఉన్న చోట డబ్బా అలాగే ఉంటే గుడ్డు ఆగదు, పెరుగుతూనే ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో లార్వా బయటికొస్తుంది. 4 కణాల గుడ్డు 256 కణాలదైతే ఆరు రెట్టింపులు, అంటే సీటీ 6 తగ్గుతుంది. గుడ్లు అవే, సంఖ్య అదే, యంత్రం మాత్రం అరవై రెట్లు ఎక్కువ చెప్తుంది. ఉదయం ఏడుకి మలవిసర్జన చేసిన పిల్లవాడి డబ్బా సాయంత్రం దాకా ఇథనాల్ ముఖం చూడకపోతే మీ లెక్క అక్కడే పోయింది. కొరడాపురుగు, ఏలికపాము గుడ్లు బయటపడేటప్పుడు ఒక్క కణంతోనే ఉంటాయి, వాటి పెరుగుదలకి వారాలు పడుతుంది. కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది తక్కువ.

బీడ్‌బీటర్

పాతసూక్ష్మదర్శిని గారూ, కొంకిపురుగు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ సీటీని పూర్తిగా పక్కన పెట్టేయక్కర్లేదు. గంటలోపు ఇథనాల్‌లో వేసిన నమూనాలకి, తూకం ఒకేలా ఉంచి, లెక్కపెట్టిన గుడ్లతో గీసిన ప్రామాణిక రేఖ ఉంటే, తేలిక, మధ్యస్థం, తీవ్రం అని మూడు మెట్లుగా విడదీయడానికి సరిపోతుంది. పదిరెట్ల తేడాకి 3.3 సీటీ రావాలి. రేఖ వాలు అంతకంటే బాగా ఎక్కువుంటే అప్పుడు మీరన్నట్టు వదిలేయాలి.

పాతసూక్ష్మదర్శిని

గంటలోపు, ఒకే తూకం, ఈ రెండూ నిజంగా కుదిరితే ఏలికపాముకీ కొరడాపురుగుకీ సరేనంటాను. ఇక్కడ నమూనాలు అలా తీసినవి కావు కాబట్టి, వీటికి మాత్రం వద్దు. తీవ్రత కావాలంటే స్లైడు లెక్క ఉండనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మెట్లు కూడా గుడ్ల లెక్క మీదే ఉన్నాయి: ఏలికపాముకి గ్రాముకు 50,000, కొరడాపురుగుకి 10,000, కొంకిపురుగుకి 4,000 దాటితే తీవ్రం.

ఐటీఎస్2

ఆంకిలోస్టోమా ప్రశ్న మిగిలింది, దాన్ని చూద్దాం. కొంకిపురుగుల గుడ్లని చూసి జాతి చెప్పడం ఎవరివల్లా కాదు, సుమారు 60 మైక్రాన్ల పొడవుతో అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే స్లైడు రిపోర్టులో కొంకిపురుగు అని మాత్రమే రాస్తాం. జాతి ఎందుకు కావాలంటే, ఆంకిలోస్టోమా డ్యూవొడినేల్ ఒక్క పురుగు రోజుకి సుమారు 0.2 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది, నెకేటర్ అమెరికానస్ అయితే 0.03. గుడ్ల లెక్క సమానంగా ఉన్న ఇద్దరు పిల్లల్లో రక్తహీనత సమానంగా ఉండదు. పైగా డ్యూవొడినేల్ చర్మం గుండానే కాక నోటి గుండా కూడా చేరుతుంది. సైలానికం అయితే కుక్కలూ పిల్లుల్లో నిల్వ ఉంటుంది, పిల్లలకి మాత్ర వేసినా మట్టిలోకి లార్వాలు వస్తూనే ఉంటాయి. ఈ మూడింటికీ చేయాల్సిన పని ఒకటి కాదు.

మీ ప్రోబ్ ఐటీఎస్-2 (రైబోజోమ్ జన్యువుల మధ్య ఉండే డీఎన్‌ఏ ముక్క) మీద ప్రజాతి మొత్తానికీ సమానంగా ఉన్న చోట కూర్చునేదైతే ఆంకిలోస్టోమా అనే చెప్తుంది, అంతకు మించి చెప్పలేదు. డ్యూవొడినేల్, సైలానికం, కుక్కల్లో ఉండే కానైనం, ఈ మూడింటి ఐటీఎస్ వరసలు దగ్గరదగ్గరగా ఉంటాయి, తేడా వచ్చే స్థానాలు కొన్నే. రెండు దారులున్నాయి. ఆ తేడా ఉన్న స్థానం మీదే కూర్చునేలా జాతికొక ప్రోబ్ పెట్టుకోవడం ఒకటి. ఒక్క అక్షరం తేడాని గట్టిగా పట్టడానికి మైనర్ గ్రూవ్ బైండర్ (ప్రోబ్‌ని డీఎన్‌ఏకి గట్టిగా పట్టించే అణువు) ఉన్న పొట్టి ప్రోబ్ మేలు. పాజిటివ్ వచ్చిన వాటిని మాత్రం విడదీసి ఐటీఎస్ ముక్కనో మైటోకాండ్రియాలోని కాక్స్1 జన్యువు ముక్కనో పెంచి సీక్వెన్సింగ్‌కి (అక్షరాల వరస చదవడానికి) పంపడం రెండోది. మీ దగ్గర ఆంకిలోస్టోమా పాజిటివ్‌లు కొన్నే అయితే రెండోది చవక, నమ్మకం కూడా.

ప్రోబ్ కొత్తగా పెట్టేవాళ్లు ఒకటి తప్పకుండా చేయాలి. దగ్గరి జాతి డీఎన్‌ఏని ఎక్కువ మోతాదులో పెట్టి చూడాలి. డ్యూవొడినేల్ ప్రోబ్ సైలానికం ముక్క పెట్టిన ప్లాస్మిడ్‌ని (గుండ్రని డీఎన్‌ఏ) 1,000 ప్రతుల దగ్గర పట్టకపోవచ్చు, పది లక్షల ప్రతుల దగ్గర సీటీ 36తో పట్టేయొచ్చు. అప్పుడు సైలానికం ఎక్కువున్న పిల్లవాడికి రెండు జాతులూ ఉన్నాయని రిపోర్టు వెళ్తుంది.

సీక్వెన్సింగ్‌లో మిశ్రమ ఇన్ఫెక్షన్ ఉంటే క్రొమాటోగ్రామ్‌లో (అక్షరానికొక రంగు శిఖరం చూపే బొమ్మలో) జంట శిఖరాలు కనబడతాయి. ఒక స్థానంలో నీలం శిఖరం కింద ఎరుపు శిఖరం దాక్కుని ఉంటుంది. సాఫ్ట్‌వేర్ పెద్దదాన్ని మాత్రమే రాసేసి ముందుకు పోతుంది. కాబట్టి అక్షరాల ఫైలు చూసి ఊరుకోకుండా శిఖరాల బొమ్మే తెరిచి చూడాలి. ఒకచోట నుంచి చివరిదాకా అన్నీ జంటలే అయితే అక్కడ ఒక అక్షరం ఎక్కువో తక్కువో ఉన్న రెండు వరసలు కలిసి ఉన్నాయన్నమాట. ఐటీఎస్ ఒక్క పురుగులోనే వందల ప్రతులుంటుంది, వాటి మధ్య కూడా చిన్న తేడాలుంటాయి. అందుకని ఒకటి రెండు జంటలు చూసి రెండు జాతులనేయకూడదు, కాక్స్1తో సరిచూడాలి. అది నిజంగా మిశ్రమమైతే పెంచిన ముక్కల్ని వేలల్లో విడివిడిగా చదివే ఆంప్లికాన్ డీప్ సీక్వెన్సింగే సరైన దారి.

జెల్ మీద బ్యాండు సైజు చూసి జాతి పేరు పెట్టే అలవాటు ఉంటే మానేయండి. డబ్బా నేల మీద నుంచి నింపినదైతే మట్టిలోని స్వేచ్ఛాజీవి నులిపురుగులు అందులో ఉంటాయి. అన్ని నెమటోడ్లకీ (నులిపురుగులకి) పనిచేసే ప్రైమర్లు (పీసీఆర్‌ను మొదలుపెట్టే డీఎన్‌ఏ ముక్కలు) వాటినీ పెంచుతాయి. మట్టి తినే పిల్లల్లో కుక్క మలంలోని గుడ్లు పేగులోంచి అలాగే బయటికి వెళ్లిపోవడం కూడా ఉంది. కానైనం డీఎన్‌ఏ బలహీనంగా వచ్చినంత మాత్రాన ఆ పిల్లవాడికి ఇన్ఫెక్షన్ ఉందనలేం. కొన్ని రోజుల తర్వాత మరో నమూనా తీసి చూడాలి.

మలపరీక్షగది

అందరికీ కృతజ్ఞతలు. రిజిస్టరు చూశాను. పాతసూక్ష్మదర్శిని గారు అన్నట్టే చాలా స్లైడ్లు రెండు మూడు గంటల తర్వాత చూసినవే. బీడ్‌బీటర్ గారి వరసతో పది కొరడాపురుగు నమూనాలు మళ్లీ తీస్తే ఎనిమిది పాజిటివ్ వచ్చాయి. మిగిలిన రెండూ ముదురు గోధుమ రంగులో ఉన్నాయి, వాటిలో కొత్తగా లైసిస్‌లో వేసిన ఇంటర్నల్ కంట్రోల్ కూడా మిగతా వాటి కంటే 4 సీటీలు ఆలస్యంగా వచ్చింది. పలుచన చేయాలా? ఏలికపాముకి ఐటీఎస్ ప్రోబ్ కంటే పునరావృత వరసల ప్రోబ్ మేలంటున్నారు, మార్చమంటారా? స్ట్రాంగిలాయిడిస్ ఒక్కటి కూడా రాలేదు, అది నమ్మొచ్చా?

బీడ్‌బీటర్

ముదురు రంగు డీఎన్‌ఏ అంటే పిత్త లవణాలూ మలంలోని పాలీశాకరైడ్లూ కాలమ్ దాటి వచ్చాయన్నమాట. అదే డీఎన్‌ఏని నేరుగా ఒక గడిలో, పదిరెట్లు పలుచన చేసి పక్క గడిలో పెట్టండి. అడ్డంకి లేకపోతే పలుచన చేసిన దాని సీటీ 3.3 పెరగాలి. పెరగకపోయినా, తగ్గినా అడ్డంకి ఉన్నట్టే, పలుచన చేసిన దాన్నే నమ్మండి. పీసీఆర్ యంత్రం గీసే రేఖ ఆకారం కూడా చెప్తుంది: అడ్డంకి ఉన్న నమూనా రేఖ నిటారుగా లేవకుండా నేల మీద పాకి, సగం ఎత్తుకే వంగిపోతుంది. అందుకే సీటీ అంకె మాత్రమే కాకుండా రేఖని కూడా చూడమనేది. పీసీఆర్ మిక్స్‌లో మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము బీఎస్ఏ (అడ్డంకుల్ని పట్టుకునే ప్రొటీన్) వేస్తే చాలాసార్లు పలుచన అవసరమే రాదు.

పలుచనతో చిక్కు ఏమిటంటే గుడ్లు తక్కువున్న నమూనా అసలుకే పోతుంది. అలాంటి వాటికి మిగిలిన మలంలోంచి తక్కువ తూకం, 100 మిల్లీగ్రాములే తీసుకుని మళ్లీ మొదలుపెట్టడం మంచిది. ఎక్కువ మలం వేస్తే ఎక్కువ గుడ్లు అనుకుంటాం కానీ కాలమ్‌కి పట్టనంత వేస్తే అడ్డంకే పెరుగుతుంది.

ఐదింటినీ ఒకే గడిలో పెట్టారా? పెడితే ఏలికపాముని విడదీయండి. దాని డీఎన్‌ఏ విపరీతంగా ఉన్న నమూనాలో అది ఎంజైమునీ న్యూక్లియోటైడ్లనీ ముందే వాడేసుకుంటుంది, పక్కనున్న బలహీనమైన కొంకిపురుగు లేవదు. విడదీయడం కుదరకపోతే ఏలికపాము ప్రైమర్ల గాఢతని తగ్గించి ఆ రేఖ త్వరగా ఆగిపోయేలా చేయాలి.

ఐటీఎస్2

పునరావృత వరసల గురించి. జన్యువుల మధ్య వేలసార్లు వరసగా వచ్చే, ఏ ప్రొటీన్‌కీ పనికిరాని ముక్కలవి. ప్రతులు ఎక్కువ కాబట్టి ఒక్క గుడ్డున్నా పట్టే అవకాశం పెరుగుతుంది. నెకేటర్‌కీ కొరడాపురుగుకీ ధైర్యంగా మార్చొచ్చు. మందు వేశాక మిగిలిన తేలికపాటి ఇన్ఫెక్షన్లని వెతికేటప్పుడు లాభం బాగా కనబడుతుంది.

ఏలికపాములో ఒక ప్రత్యేకత ఉంది. అది పిండంగా మారే తొలి కణ విభజనల్లోనే శరీర కణాలన్నీ తమ డీఎన్‌ఏలో కొంత భాగాన్ని శాశ్వతంగా పారేస్తాయి. బీజకణాలు మాత్రం మొత్తం ఉంచుకుంటాయి. పారేసే వాటిలో 121 అక్షరాల పునరావృత ముక్క ముఖ్యమైనది. తాజా మలంలోని గుడ్డు ఇంకా ఒక్క కణమే కాబట్టి అందులో ఆ ముక్క నిండుగా ఉంటుంది. అందుకే దాని మీద పెట్టిన ప్రోబ్ మలం నమూనాకి అంత బాగా పనిచేస్తుంది. కానీ పిల్లవాడి నుంచి బయటపడ్డ పెద్ద పురుగు కండ ముక్కకి అదే ప్రోబ్ పెడితే సీటీ చాలా ఆలస్యంగా వస్తుంది, ఏలికపాము కాదేమో అనిపిస్తుంది. పెద్ద పురుగుకి ఐటీఎస్ లేదా కాక్స్1 వాడండి.

మనిషి ఏలికపాము, పంది ఏలికపాము తేడా అడుగుతారని ముందే చెప్తున్నా. ఐటీఎస్-1ని హేఈ-3 ఎంజైముతో కోసి చూసే పద్ధతి ఉంది. రెండింటి కోత తీరులూ కలిసిన సంకర రకాలు కూడా కనబడతాయి. అందువల్ల పిల్లల రిపోర్టులో జాతిని అంత గట్టిగా విడదీసి రాయకపోవడమే నిజాయితీ.

కొరడాపురుగులో కూడా పేరు రాసేముందు ఆలోచించాలిప్పుడు. మందుకి సరిగా లొంగని కోట్ డీవోర్ కొరడాపురుగులని జన్యువరసతో చూసినప్పుడు అవి ట్రైక్యూరిస్ ట్రైక్యూరా కాదని తేలి, ట్రైక్యూరిస్ ఇన్‌కాగ్నిటా అనే కొత్త జాతిగా వివరించారు. సూక్ష్మదర్శిని కింద గుడ్డు చూసి దీన్ని విడదీయలేం. మందు వేసినా గుడ్లు తగ్గని పిల్లల నమూనాల్ని పక్కన పెట్టి ఐటీఎస్ సీక్వెన్స్ చేయించడం ఇప్పుడు అవసరమైన పనే.

పాతసూక్ష్మదర్శిని

స్ట్రాంగిలాయిడిస్ సున్నాని నమ్మొద్దు. దాని గుడ్లు పేగులోనే పొదిగి, మలంలోకి లార్వాలు వస్తాయి, అవీ రోజూ రావు, వచ్చినా కొద్దిగానే. 200 మిల్లీగ్రాముల్లో దొరకాలని లేదు. పీసీఆర్ పాజిటివ్ అయితే నమ్మొచ్చు, నెగెటివ్ అయితే లేదనడానికి లేదు. తాజా మలంతో బేర్‌మన్ గరాటు (మలంలోంచి నీళ్లలోకి కదిలి దిగే లార్వాల్ని పట్టేది) గానీ అగర్ ప్లేటు (జెల్లీ మీద లార్వాల జాడ చూసేది) గానీ జోడించాలి. బేర్‌మన్‌కి 10 గ్రాముల దాకా వాడొచ్చు, మీ పీసీఆర్‌కి వెళ్లే దానికి అది 50 రెట్లు. ఆ మలాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చలికి లార్వాలు కదలడం మానేస్తాయి, కదలని లార్వా గరాటు అడుగుకి దిగదు. ఇథనాల్‌లో వేసిన దాంతో ఇది అసలు కుదరదు కాబట్టి తర్వాతి విడత నుంచి డబ్బా రాగానే మూడు వాటాలు చేయండి: స్లైడుకి, గరాటుకి, ఇథనాల్‌కి.

దాని బంధువు స్ట్రాంగిలాయిడిస్ ఫ్యూలెబార్నై ఉంది, కోతుల్లో ఉంటుంది, మనుషులకీ సోకుతుంది. అది లార్వాలు కాకుండా గుడ్లే పంపుతుంది, ఆ గుడ్లు కొంకిపురుగు గుడ్లలాగే కనబడతాయి. స్లైడులో కొంకిపురుగు ఉండి నెకేటర్, ఆంకిలోస్టోమా రెండూ పీసీఆర్‌లో నెగెటివ్ అయిన నమూనా ఏదైనా ఉంటే దాన్ని వదిలేయకండి. ట్రైకోస్ట్రాంగిలస్ గుడ్డు కూడా ఆ పోలికే, కాస్త పొడవు, ఒక చివర కోసుగా ఉంటుంది. అలాంటి వాటిని సీక్వెన్సింగ్ జాబితాలో మొదట పెట్టండి.

బద్దెపురుగు గుడ్లు స్లైడులో కనబడ్డాయా? టీనియా గుడ్డు ఏ జాతిదో రూపం చూసి చెప్పలేం. సోలియం అయితే ఆ గుడ్లు మింగిన వాళ్ల మెదడులో తిత్తులు రావచ్చు. అందుకే అది ఒక్కటి కనబడినా మిగతా వాటితో కలిపి నెలాఖరు దాకా ఆపొద్దు, కాక్స్1 మల్టిప్లెక్స్ పీసీఆర్‌తో సోలియమో సాజినాటానో అదే వారంలో తేల్చి వైద్యుడికి చెప్పండి. బద్దెపురుగు మందు ప్రాజిక్వాంటెల్ మెదడులోని తిత్తుల మీద కూడా పనిచేసి వాపు తెస్తుంది కాబట్టి మందు ఎంపిక వైద్యుడు చూసుకోవాలి. ఆ నమూనా విప్పే చేతులకి కూడా ప్రమాదం ఉంది. చేతి తొడుగులు మార్చండి, బల్లని తుడిచిన గుడ్డలతో సహా ఆటోక్లేవ్ చేయండి. ఏలికపాము గుడ్లయితే ఫార్మలిన్‌లో కూడా పెరిగి లార్వాలవుతాయి, నిల్వ ద్రవంలో ఉంది కదా అని ధైర్యపడొద్దు. వేడే వాటిని చంపుతుంది.

దురదపురుగు, అదే ఎంటెరోబియస్, మలం పీసీఆర్‌తో పట్టే ప్రయత్నం చేయకండి. అది గుడ్లని మలద్వారం చుట్టూ చర్మం మీద పెడుతుంది. పొద్దున్నే స్నానానికి ముందు అంటించి తీసిన టేపే దానికి పరీక్ష.

మలపరీక్షగది

స్లైడు పాజిటివ్, రెండు పీసీఆర్‌లూ నెగెటివ్ అయిన కొంకిపురుగు నమూనాలు మూడు ఉన్నాయి, సీక్వెన్సింగ్‌కి పంపుతాం. చివరి ప్రశ్న. మందు వేశాక పిల్లల్లో బయటపడ్డ పురుగులు నాలుగు డబ్బాల్లో వచ్చాయి. వాటిని ఎలా నిల్వ చేసి, ఏ భాగం కోయాలి? మందు పనిచేసిందో లేదో చూడటానికి మలం మళ్లీ ఎప్పుడు తీయాలి?

ఐటీఎస్2

నీళ్లతో కడిగి 95 శాతం ఇథనాల్‌లో, పురుగు బరువుకి కనీసం ఐదు రెట్ల ద్రవంలో వేయండి. పెద్ద ఏలికపాము లోపల నీరెక్కువ, ఇథనాల్ పలచబడుతుంది, మర్నాడు ఒకసారి మార్చాలి. ఫార్మలిన్ చుక్క కూడా తగలనివ్వకండి, డీఎన్‌ఏ ముక్కలైపోతుంది.

బ్లేడుతో శరీర గోడ ముక్క, 20 మిల్లీగ్రాములు చాలు. లోపలి భాగాలు గీరి పారేసి గోడ మాత్రం తీసుకోవాలి. పేగు ముక్క వస్తే పిల్లవాడి డీఎన్‌ఏ వస్తుంది. ఆడ పురుగు గర్భాశయం ముక్క వస్తే అందులో మగ పురుగు డీఎన్‌ఏ, గుడ్ల డీఎన్‌ఏ కలిసి ఐటీఎస్‌లో జంట శిఖరాలు తెస్తాయి. తెల్లటి సన్న దారాల చుట్టలా కనబడేవి అండాశయాలు, వాటికి కలిసిన లావు గొట్టాలే గర్భాశయం. దీనికి పూసలు అక్కర్లేదు, ప్రొటీనేజ్ కెతో ఒక రాత్రి 56 డిగ్రీల్లో ఉంచితే కరిగిపోతుంది. పూసలతో తిప్పితే డీఎన్‌ఏ తెగి పొడవైన కాక్స్1 ముక్క రాదు. ఒక్కో పురుగుకి కొత్త బ్లేడు.

మలం మాత్రం మందు వేసిన 14 నుంచి 21 రోజుల మధ్య తీయండి. ముందే తీస్తే చచ్చిన పురుగుల డీఎన్‌ఏ పీసీఆర్‌లో ఇంకా వస్తుంది, మందు పనిచేయలేదని పొరబడతారు. మరీ ఆలస్యం చేస్తే కొత్తగా సోకినవి కలుస్తాయి. ముందూ తర్వాతా నమూనాలని పక్కపక్కనే ఉంచి ఒకే ప్లేటులో, ఒకే విడత కిట్‌తో పెట్టండి.